కలుపులో కూర: తెలుగు నేలపై సాగు చేయని ఆహారం

ఎవరూ విత్తకుండా, నీరు పెట్టకుండా, దానంతట అదే మొలిచి మనుషులకు తిండి అయ్యే మొక్కలను ఆహార గ్రంథాలు సాధారణంగా అడవి మొక్కల కింద చేరుస్తాయి. తెలుగు ప్రాంతాలకు ఈ విభజన సగమే సరిపోతుంది. నల్లమలలో చెంచులు తవ్వుకునే గడ్డలు, ఆదిలాబాదు గోండులు ఏరుకునే ఇప్పపువ్వు నిజంగానే అడవి సొత్తు. కాని తెలంగాణ, రాయలసీమ మెట్ట పల్లెల్లో వానకాలమంతా వంటింటికి చేరే గునుగు, చెంచలి, తుమ్మి, తగిరిస, గంగవాయిలి వంటి కూరలు దున్నిన నేలలోనే, జొన్న సాళ్ల మధ్య, కంది మొదళ్ల దగ్గర, పొలం గట్ల మీద పుడతాయి. వాటికి అడవితో పని లేదు, నాగలితో ఉంది. జహీరాబాదు ప్రాంతంలో ఈ కూరల గురించి పనిచేసినవారు వీటిని అడవి కూరలు అనకుండా సాగు చేయని ఆహారం అన్నది ఇందుకే. అడవిలో దొరికేదానినీ చేలో మొలిచేదానినీ కలిపి చెప్పడానికి ఇంతకన్న మంచి మాట లేదు కాబట్టి ఈ సమీక్షలోనూ అదే వాడుక.

ఈ తిండి ఎంత పాతదో తెలియడానికి శాసనాలు తిరగేయనక్కరలేదు. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో వర్షఋతువును వర్ణిస్తూ, జడివాన పట్టిన వేళ పల్లెల్లోని రెడ్లు ఏం తిన్నారో ఒక పద్యంలో చెప్పాడు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతో పొరటిన కూర, దానితో పొగలు కక్కే ఆరికెల అన్నం ఆనాటి భోజనం. ఈ అయిదింటిలో మొదటి నాలుగూ చేలో కలుపుగా మొలిచేవి. అయిదోది ఊరి చింతచెట్టు చిగురు. గురుగు అంటే నేడు ఎక్కువగా గునుగు అని పిలుస్తున్న మొక్క. అయిదు వందల ఏళ్లు గడిచినా ఈ అయిదూ తెలుగువారికి తెలిసిన కూరలుగానే మిగిలాయి. పద్యంలో తింటున్నవారు ఊళ్లో పలుకుబడి ఉన్న కాపులన్న సంగతి మరింత గమనించదగ్గది, ఎందుకంటే ఈ కూరలు పేదల తిండి, కరువు తిండి అన్న ముద్ర ఆ పద్యం నాటికి ఉన్నట్టు కనిపించదు. ఆ ముద్ర ఎప్పుడో మధ్యలో పడింది. బతికుంటే బలుసాకు తినవచ్చు అన్న సామెతలో బలుసాకు గతిలేనివాడి కూడు. పొలం గట్టున ముళ్లపొదగా పెరిగే ఆ బలుసు ఆకును మామూలు రోజుల్లోనూ పప్పులో వేసుకునేవారున్నా, సామెత మాత్రం దానిని కరువుకే అంటగట్టింది.

చేలో మొలిచే కూరలు వచ్చేది ఒక వరసలో. తొలకరి పడి నేల దున్నగానే తగిరిస, చెంచలి, గంగవాయిలి, గలిజేరు ముందుగా తలెత్తుతాయి. శ్రావణ భాద్రపదాల్లో తుమ్మి చిక్కబడుతుంది. తెలంగాణలో వినాయక చవితినాడు తుమ్మికూర వండటం చాలా ఇళ్లలో ఆచారం. గునుగు ఆకు లేతగా ఉన్నంతవరకే కూరకు పనికివస్తుంది. ఆశ్వయుజం వచ్చేసరికి ఆకు ముదిరి, వెండిరంగు కంకులు తొడిగి, తంగేడుతో కలిసి బతుకమ్మలో చేరుతుంది. వాగుల ఒడ్డున, మడి గట్లపై తడి ఉన్నంతకాలం పొన్నగంటి దొరుకుతుంది. వేసవిలో చేలు బోడిగా ఉన్నప్పుడు చెట్లు ఆదుకుంటాయి: చింతచిగురు, మునగాకు, మార్చి ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు, ఆ వెనుక మొర్రిపండ్లు, తునికిపండ్లు. వానలు మొదలైతే పొదల మీద తీగలుగా బోడకాకర, కోస్తాలో దానినే ఆకాకర అంటారు, కంచెల్లో వాక్కాయ. వాక్కాయ పప్పుకైనా పులిహోరకైనా చింతపండు లోటు తీర్చేంత పులుపు ఇస్తుంది.

ఈ ఆకుకూరల్లో పెద్ద భాగం తోటకూర కుటుంబానిదే. గునుగు, చెంచలి, పొన్నగంటి, ఉత్తరేణి, చిలకతోటకూర, ముళ్లతోటకూర అన్నీ ఒకే వృక్ష కుటుంబంలో చేరతాయి. ఇవి ఒక్కొక్క మొక్కకు వేల సంఖ్యలో సన్నని గింజలు రాలుస్తాయి. ఆ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, దుక్కితో పైకి వచ్చి వెలుగు, తడి తగిలినప్పుడు మొలుస్తాయి. రైతు ఏటా దున్నడం, మనుషులు కూర్చొని చేత్తో కలుపు తీయడం, తీసినవాటిలో తినదగినవి కొంగులో వేసుకొని ఇంటికి తీసుకుపోవడం, మిగిలినవి పశువులకు వేయడం అన్నవి ఒకే పనిలోని భాగాలుగా సాగాయి. కలుపు తీయడం ఆడవారి పని కావడంతో ఏ ఆకు ఏ వయసులో తినాలి, ఏది ఒంటరిగా వండాలి, ఏది నాలుగైదింటితో కలిపి కలగూరగా వండాలి అన్న ఎరుక కూడా వారి దగ్గరే నిలిచింది. కూర కోసం ఒకరి చేలోకి మరొకరు పోవడాన్ని మెట్ట పల్లెలు దొంగతనంగా చూడలేదు. జొన్న కంకి విరిస్తే తగువు, గునుగు గిల్లితే ఎవరూ ఏమీ అనరు. భూమి లేని కూలి ఇంటికి ఈ వెసులుబాటు విలువ ఎంతో చెప్పనవసరం లేదు.

ఈ సంగతిని పుస్తకాల్లోకి, విధానాల చర్చలోకి తెచ్చినవారిలో ముందు చెప్పవలసింది 1983లో మొదలై జహీరాబాదు పరిసర గ్రామాల్లో పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని. పేద దళిత స్త్రీల సంఘాలతో చిరుధాన్యాల సాగును నిలబెట్టిన ఈ సంస్థ, పంటతో పాటు పొలంలో మొలిచే కూరలనూ లెక్కలోకి తీసుకోవాలని పట్టుబట్టింది. సంక్రాంతి రోజుల్లో మొదలై ఎడ్లబండ్లపై ఊరూరా తిరిగే దాని పాత పంటల జాతర ప్రసిద్ధమే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు దక్కింది. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి.సతీష్, డేనియల్ బకిల్స్, బంగ్లాదేశ్‌కు చెందిన ఫర్హాద్ మజ్హర్, ఫరీదా అఖ్తర్ కలిసి దక్షిణాసియాలో సాగు చేయని జీవవైవిధ్యం, ఆహార సార్వభౌమత్వం గురించి రాసిన పుస్తకం 2007లో వెలువడింది. పేదల ఆహారాన్ని బియ్యం గోధుమల టన్నుల్లోనే కొలిచే ప్రభుత్వ లెక్కలకు ఈ కూర ఎక్కడా కనపడదన్నది వారి వాదానికి మూలం. అది సరైన వాదమే. అంతకు చాలా ముందే, 1780లలో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బరో తెలుగు పేర్లనూ స్థానికుల వాడుకలనూ రాసిపెట్టాడు గాని, అతని దృష్టి మొక్క మీద. జహీరాబాదు స్త్రీల దృష్టి కూర మీద.

అడవి తిండి కథ కొంత వేరు. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథంలో అమ్రాబాదు పీఠభూమి చెంచులు రోజులో పెద్ద భాగం ఇనుప మొన తొడిగిన కర్రతో గడ్డలు తవ్వడంలోనే గడిపేవారని వర్ణించాడు. అవి ఎక్కువగా పెండలం జాతి తీగల దుంపలు, శాస్త్రం వాటిని డయోస్కోరియా అంటుంది. తీగ ఎండిపోయిన తర్వాత కూడా దాని జాడ పట్టి, బండల సందుల్లో మోకాటి లోతు తవ్వి గడ్డ తీయడం, తీసిన తర్వాత తీగ మొదలున్న తలభాగాన్ని తిరిగి మట్టిలో కప్పి వదలడం ఆ పనిలోని నేర్పు. ఆ తలే మరుసటి వానకు మళ్లీ మొలుస్తుంది. ఇదే రచయిత 1945లో కొండరెడ్ల గురించి రాసిన గ్రంథంలో జీలుగు చెట్టు బోదెలోని పిండి, మామిడి టెంకలోని జీడి గోదావరి కొండల్లో ఆకలి నెలలను ఎలా దాటించాయో కనిపిస్తుంది. జీలుగు చెట్టును కల్లు కోసం ఏళ్ల తరబడి గీసుకోవచ్చు, పిండి కోసం నరికితే ఒకసారే. పిండికి నరకడం గతిలేనప్పటి పని.

ఇక వంట. సాగు చేయని కూరలు మెత్తని తోటకూరలా దేనికైనా ఒదిగేవి కావు. చేదు, వగరు, జిగురు, పులుపు, దురద అన్నవి వీటి స్వభావంలోనే ఉన్నాయి, వంట అంతా వాటిని లొంగదీసుకోవడమే. తుమ్మి చేదు కాబట్టి కొసలు మాత్రం గిల్లి, పువ్వులు తీసి, పెసరపప్పుతోనో కందిపప్పుతోనో ఉడికించి, చింతపండు పులుసు కొద్దిగా తగిలించి, వెల్లుల్లి దండిగా వేసి పోపు పెడతారు; చేదు పోదు, తినగలిగేంతకు దిగుతుంది. గంగవాయిలి దీనికి సరిగ్గా ఎదురు, దానిలో పులుపూ జిగురూ ఉంటాయి కాబట్టి పప్పులో చింతపండు తగ్గించాలి. చింతచిగురును వండేముందు అరచేతుల మధ్య నలిపి, చెరిగి ఈనెలు తీసివేయాలి. ఆ తర్వాత అది పప్పుతోనైనా, ఎండు రొయ్యలతోనైనా, మాంసంతోనైనా ఒకే తీరుగా కలిసిపోతుంది. మాంసంతో వండేటప్పుడు చిగురు చివరన వేస్తారు, ముందే వేస్తే పులుపు వల్ల ముక్క ఉడకడానికి మొరాయిస్తుంది.

నల్లేరు పచ్చడి దగ్గర కొంతసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే ఈ వంటల వెనుక ఉన్న తర్కం అంతా అందులో కనిపిస్తుంది. నాలుగు పలకలుగా, కణుపు కణుపుగా కంచెల మీద పాకే ఈ తీగలో కాల్షియం ఆక్సలేటు సూదుల వంటి పలుకులుగా ఉంటుంది, చేతికీ నోటికీ దురద పెట్టేది అదే. అందుకని వండేవారు చేతులకు ముందు నూనె రాసుకుంటారు. కొసన ఉన్న రెండు మూడు లేత కణుపులనే ఎంచి, కణుపు దగ్గర విరిచి, పలకల అంచున ఉన్న నారను చిక్కుడుకాయకు తీసినట్టు తీసివేస్తారు. ముక్కలను నూనెలో రంగు మారేదాకా, పచ్చి వాసన పూర్తిగా పోయేదాకా వేయించి, వేయించిన మిరపకాయలు, మినపప్పు, నువ్వులు, చింతపండు చేర్చి రోట్లో నూరుతారు. వేపుడు తొందరపడి దించినా, చింతపండు తగ్గించినా తిన్నవారి గొంతు చెబుతుంది. ఇన్ని మెట్లున్న వంటను ఒకరి వెనుక ఒకరు తిని తెలుసుకున్నారు తప్ప ఏ ప్రయోగశాలా నేర్పలేదు.

పోషకాల విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు నమ్మదగిన ఆధారం. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఈ సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల పాలకూరలో కాల్షియం సుమారు 80 మిల్లీగ్రాములుంటే, మునగాకులో 300, పొన్నగంటిలో 300కు పైగా, అవిసె ఆకులో 900 దాకా ఉంటుంది. అంకెలు ఆకర్షించేవే గాని వాటిని ఉన్నవున్నట్టు మింగడం పొరపాటు. ఆకులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టి ఉంచి, ఒంటికి అందకుండా చేస్తుంది. ఏ ఆకులో ఆ ఆమ్లం ఎంత ఉందన్నదానిని బట్టి కాల్షియం అందడం మారిపోతుంది. అలాగే ఆకుల్లోని కెరోటిన్, శరీరంలో విటమిన్ ఏ గా మారే పసుపు పదార్థం, కొవ్వు తోడు లేకపోతే సరిగా ఒంటబట్టదు. నూనె పోపు రుచికే అనుకునేవారికి ఇది తెలియాలి. గంగవాయిలిలో ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు మిగిలిన ఆకుకూరల కన్న చాలా ఎక్కువని ఆర్టెమిస్ సిమోపౌలోస్ బృందం 1992లో చూపించిన తర్వాత పాశ్చాత్య దేశాల్లో దాని పేరు మారుమోగింది. మెక్సికో వారి అంగళ్లలో ఈ ఆకు కట్టలు కట్టి అమ్ముతారు కాబట్టి అమెరికాలోని తెలుగువారు చాలామంది దీనిని అక్కడే కొని పప్పులో వేసుకుంటున్నారు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: ఇదే గంగవాయిలిలో ఆక్సలేటు బాగా ఎక్కువ. పెరుగుతో కలిపి తింటే కరిగే ఆక్సలేటు కొంత కట్టుబడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుడిని అడిగాకే తినాలి.

మందుగా తినమనే సలహాలతోనే అసలు చిక్కు వస్తోంది. గలిజేరు ఆకు తింటే మూత్రపిండాల జబ్బు నయమవుతుందని వీడియోల్లో, వార్తాపత్రికల అనుబంధాల్లో ధీమాగా చెబుతున్నారు. ఆయుర్వేదంలో పునర్నవగా పేరున్నది అటికమామిడి, అంటే బోయర్‌హావియా. పల్లెల్లో గలిజేరు పేరుతో ఎక్కువగా కోసేది ట్రయాంథిమా అనే వేరే మొక్క. రెండూ నేలబారుగా పాకేవే, రెండింటినీ ఒకే పేరుతో పిలిచే ఊళ్లున్నాయి. ట్రయాంథిమాలో కరిగే ఆక్సలేటు పశువులకు సైతం హాని చేసేంత ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాడికి సరిగ్గా ఆ ఆకునే రోజూ తినమనడం కన్న ప్రమాదకరమైన వైద్యం ఉండదు. పప్పులో పిడికెడు లేత గలిజేరు నెలకు రెండుమూడుసార్లు తినడం వేరు, దానిని కషాయంగా పట్టుబట్టి తాగడం వేరు. కూరను కూరగానే తినాలి.

గుర్తుపట్టడంలో వచ్చే పొరపాట్లలో గంగవాయిలికి, దాని పక్కనే నేలకు పరుచుకొని పెరిగే నానబాలు జాతి మొక్కలకు తేడా తేలికే: కాడ తుంచితే నానబాలు పాలు కారుస్తుంది, గంగవాయిలి నీరు మాత్రమే ఊరుస్తుంది. కామంచి పండు నల్లబడితే తింటారు, పచ్చికాయ తినరాదు. వినాయకుడి ఏకవింశతి పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషమే కాబట్టి పూజకు కోసే ఆకులు వేరు, కూరకు కోసేవి వేరు అన్న తేడా పిల్లలకు చెప్పి తీరాలి. వీటన్నిటికన్న తీవ్రమైనది తగిరిస, కసివింద మధ్య గందరగోళం. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ఆనుకొని, 2016 చివరి నెలల్లో పిల్లలు పదుల సంఖ్యలో మెదడు జబ్బుతో చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ కనిపించింది. మిగిలినవారి మరణాలకు కసివింద గింజల్లోని విషం కారణమని వైద్య నిపుణుడు టి.జాకబ్ జాన్ నాయకత్వంలోని బృందం అభిప్రాయపడింది. అంతకు ముందు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోనూ ఇదే మొక్క వల్ల పిల్లల కాలేయం, కండరాలు, మెదడు ఒకేసారి దెబ్బతినడాన్ని వైద్యులు నమోదు చేశారు. కృష్ణదేవరాయలు పద్యంలో చెప్పిన తగిరిస దీనికి దగ్గరి చుట్టం. తగిరిసకు రెమ్మకు మూడు జతల ఆకులు, ఆకు కొన గుండ్రం, కాయ సన్నగా కొడవలిలా వంగి ఉంటుంది. కసివిందకు నాలుగు నుంచి ఆరు జతలు, ఆకు కొన మొనదేలి, నలిపితే వెగటు వాసన, కాయ చదునుగా ఉంటుంది. పూత రాకముందు తెంపే లేత ఆకులో ఈ గుర్తులు కొంత మసకగా ఉంటాయి. కాబట్టి తెలిసినవారి చేతి నుంచి తప్ప ఫొటో చూసి తగిరిస కోయరాదు.

అడవి గడ్డల్లోనూ ఇంతే. డయోస్కోరియా హిస్పిడా అనే జాతి గడ్డలో డయోస్కోరిన్ అనే విషం ఉంటుంది. దానిని పలుచగా చెక్కులు తరిగి, బుట్టలో పెట్టి పారే నీటిలో కొన్ని రోజులు ఉంచి, ఆ తర్వాత ఉడికిస్తేనే తినదగును. వెదురు కొమ్ముల్లోనూ సైనైడు పుట్టించే పదార్థం ఉంటుంది, ఉడికించి నీళ్లు పారబోయడం అందుకే. మామిడి జీడిని దంచి నీటిలో నానబెట్టి వగరు తీస్తారు, కాని తడిలో నిలవ చేసిన జీడికి బూజు పడితే ఏ వంటా దానిని బాగుచేయదు. 2001లో ఒడిశాలోని కాశీపూర్‌లో, 2024లో కంధమాల్ జిల్లాలో టెంక జావ తాగి మనుషులు చనిపోయారు. ఆ మరణాలను ఆదివాసీల అజ్ఞానంగా చూపినవారు, రేషను బియ్యం అందని నెలలో నిలవ సరుకు తప్ప ఇంట్లో మరేమీ లేదన్న సంగతిని దాటవేశారు.

ఇంత ఎరుక, ఇంత తిండి ఎలా తరిగిపోయిందన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు రుచులు మారాయని, నేటి పిల్లలు తినడం లేదని. అది పైపై మాట. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ప్రవేశపెట్టాక జొన్న, ఆరికె, సజ్జల స్థానంలో వరి అన్నం వచ్చింది. ఆకలి తగ్గడం మేలే, ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం కడుపు నిండినవారికే చెల్లుతుంది. అయితే చిరుధాన్యాల కలగలుపు సాగు పోయిన చోట ఆ సాగులో మొలిచే కూరలకూ చోటు పోయింది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి వచ్చాక మెట్ట చేలు ఒకే పంటగా మారాయి. ఆపైన కలుపు మందు. మొక్కజొన్నకు ఒకటి, వరికి ఒకటి, గట్లకు గ్లైఫోసేటు అన్నట్టు మందులు వచ్చిన తర్వాత గునుగు, చెంచలి, గలిజేరు అన్నవి వ్యవసాయ పుస్తకాల్లో ముఖ్యమైన కలుపు మొక్కల జాబితాలో తప్ప కనిపించకుండా పోతున్నాయి. అందులో తినదగినదేదో ఆ జాబితా చెప్పదు.

రైతును ఇందుకు తప్పుపట్టడం తేలికే గాని న్యాయం కాదు. కలుపు తీయకపోతే దిగుబడి పడిపోతుంది. కూలి దొరకడం లేదు, దొరికినా ఖర్చు భరించలేడు. మందు కొడితే ఒక పూటలో పని తీరుతుంది. నష్టం మాత్రం అతని లెక్కలోకి రాదు, ఎందుకంటే అది కలుపు కూలికి పోయి కూర తెచ్చుకునే స్త్రీ ఇంట పడుతుంది. ఆమెకు కూలీ పోయింది, కూరా పోయింది. పైగా మందు కొట్టిన చేలో రెండు మూడు రోజులు ఆకులు పచ్చగానే ఉంటాయి, కొట్టారన్న సంగతి తెలియనివారు వాటిని కోసుకుపోయే ప్రమాదమూ ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేటును చీడల నియంత్రణకు అనుమతి పొందినవారే వాడాలని ఆదేశించింది. ఆ కట్టడి పల్లె దుకాణం దాకా చేరినట్టు ఆనవాళ్లు లేవు.

హక్కుల విషయంలో అడవికి చట్టం ఉంది, చేనుకు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై, అంటే గడ్డలు, ఆకులు, తేనె, వెదురు వంటి కలప కాని ఉత్పత్తులపై, వాటిని సంప్రదాయంగా సేకరించేవారికి యాజమాన్య హక్కు ఇచ్చింది. 1956 నుంచి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు, కుంకుడుకాయ వంటివి కొంటుంది. అమ్ముడుపోయే సరుకుకు ఇదంతా కొంత ఉపయోగపడింది. ఇంట్లో తినే గడ్డకు, కూరకు ఉపయోగం తక్కువ, ఎందుకంటే పులుల అభయారణ్యం లోపల తిరగడానికే ఆంక్షలున్నప్పుడు గడ్డపై హక్కు కాగితం మీదే ఉంటుంది. మెట్ట చేలో కూర కోసుకోవడానికి ఉన్న ఆధారం పాత మర్యాద ఒక్కటే. చేను కౌలుకు పోయినా, చుట్టూ కంచె లేచినా ఆ మర్యాద అడగకుండానే పోతుంది.

పట్టణాల్లో ఈ మధ్య పెరిగిన మోజు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వేసవిలో హైదరాబాదులో కిలో చింతచిగురు ధర మాంసం ధరతో పోటీపడుతోందని ఏటా వార్త వస్తుంది. బోడకాకర ధర కూడా అంతే, దానిని ఇప్పుడు దుంపలు నాటి పందిళ్లపై పండిస్తున్నారు కూడా. బోడకాకరలో ఆడ, మగ తీగలు వేరు కాబట్టి పది ఆడ తీగలకు ఒకటైనా మగ తీగ లేకపోతే కాయ నిలవదు, ఆ కిటుకు తెలిసినవారికి లాభం ఉంది. డబ్బు ఆదివాసీకి, పల్లె స్త్రీకి చేరితే మంచిదే. కాని ధర పెరిగిన ప్రతిసారీ అడవి మీద బరువు పెరుగుతుంది. సారపప్పు కోసం మొర్రికాయలను పండకముందే, కొమ్మలు నరికి మరీ దులపడం వల్ల ఆ చెట్టు చాలా చోట్ల పలుచబడింది. మూసీ ఒడ్డున, రహదారి పక్కన, మురుగు కాలువ వెంట కోసిన ఆకు కూడా అదే బజారుకు వస్తుంది; అందులోని సీసం, కాడ్మియం వంటి లోహాలు ఎంత కడిగినా పోవు.

వీటన్నిటినీ కలిపి చూస్తే, సాగు చేయని కూరను నిలబెట్టేది వంటల పోటీలూ హోటళ్ల పట్టికలూ కావని తేలుతుంది. ఆ కూర పుట్టేది సాగు తీరులోంచి. సాగు మారితే కూర ఉండదు, వంటకం మాత్రం పుస్తకంలో మిగులుతుంది. కాబట్టి చేయవలసినవి చిన్న పనులే. వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయాలు ప్రచురించే కలుపు జాబితాల్లో తినదగిన మొక్కల ఎదుట ఆ మాట రాయాలి, తగిరిస కసివిందల తేడాను బొమ్మలతో చూపాలి. కలుపు మందు కొట్టిన చేనుకు, ఇందులో ఆకు కోయవద్దని తెలిసేలా ఒక గుర్తు కట్టే పద్ధతి పంచాయతీలు పెట్టవచ్చు. రైతులు ఇంటికి దగ్గరగా ఉన్న ఒక్క మడినైనా మందు లేకుండా చేత్తో కలుపు తీయించే మడిగా వదలాలి. అంతమాత్రానికే ఆ ఇంటికీ, అక్కడ కలుపు తీసినవారి ఇంటికీ తొలకరి నుంచి దసరా దాకా వారానికి రెండు మూడు పూటల కూర దొరుకుతుంది.